మంచం కాడ అప్పగింత

పోయిన నెల జనగామలో కొత్త నర్సులకు శిక్షణ పెట్టారు. పాతవాళ్లు కూడా వచ్చి కూర్చోవాలంటే నేనూ వెళ్లాను. పాఠం చెప్పే అమ్మాయి మంచి చురుకైనది. డ్యూటీ మారేటప్పుడు రోగులను అప్పగించడం బల్ల దగ్గర జరగకూడదనీ, ఒక్కొక్క మంచం దగ్గర నిలబడి రోగి వింటుండగానే జరగాలనీ, అందులో రోగికీ మాట్లాడే హక్కు ఉండాలనీ తెర మీద బొమ్మలు వేసి చెప్పింది. ఇది విదేశాల నుంచి వచ్చిన సరికొత్త పద్ధతి అని కూడా అంది. నాకు నవ్వు ఆగలేదు. గట్టిగానే నవ్వేశాను.

ఆ అమ్మాయి బెదిరిపోయింది. "ఏమైనా తప్పు చెప్పానా మేడం?"

"లేదు బిడ్డా, అంత ఒప్పే చెప్పినవ్. గని గిది విదేశాలకెళ్లి రాలే. కాటారం దిక్కుకెళ్లి వచ్చింది," అన్నాను.

హాలంతా నా వైపు తిరిగింది. చెప్పండి మేడం, చెప్పండి అన్నారు. పది నిమిషాలు చెప్పాను. తనివి తీరలేదు. అందుకే ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను.

ఈ పద్ధతిని మాకు నేర్పినామెది కాటారం పక్క. ఆమె పేరు రాయను. తన పేరు ఎక్కడ కనబడినా కొట్టేయించే మనిషి. ఆ దవాఖాన పేరూ రాయను. కురవి పక్క తండాల నుంచీ రఘునాథపల్లి పక్క ఊళ్ల నుంచీ రోగులు వచ్చే ఒక సర్కారు దవాఖాన అనుకోండి చాలు. ఆమె అక్కడ ఆడవాళ్ల, మగవాళ్ల వార్డులు రెండింటికీ హెడ్ నర్సు. మేమంతా పెద్దక్క అనేవాళ్లం. చనిపోయి నాలుగేళ్లయింది.

పొడుగు మనిషి, జోరు నడక. మగవాళ్ల చేతిగడియారం పెట్టుకునేది, దాని ముఖం మణికట్టు లోపలి వైపుకు తిప్పి. బుగ్గలో ఎప్పుడూ ఒక లవంగం. గుసగుసలాడటం ఆమెకు చేతకాదు. చెవిలో చెప్పిన మాట కూడా వార్డు చివరి మంచం దాకా వినిపించేది. ఇరవై ఏళ్ల పిల్లగాణ్ని కూడా "నాయినా" అనేది. కోపమొస్తే సూపరింటెండెంటును సైతం "నాయినా" అనేది. ఏ రోగితోనూ నిలబడి మాట్లాడేది కాదు. కాలితో స్టూలు గుంజుకుని కూర్చున్నాకనే నోరు తెరిచేది. "పైకెళ్లి మాట్లాడితే పోలీసోళ్లు మాట్లాడినట్లుంటది," అనేది.

అవి తెలంగాణ ఉద్యమం ఊరూరా రాజుకున్న రోజులు. దవాఖాన గేటు బయట ఉద్యోగుల దీక్షా శిబిరం, డప్పులు, పాటలు. కిటికీలోంచి నినాదం వినిపిస్తే సెలైన్ ఎక్కుతున్న రోగి కూడా రెండో చెయ్యి పైకెత్తేవాడు. అంత హుషారు. నేను మాత్రం వార్డులో "నొప్పిగా ఉందాండీ, మాత్ర వేసుకున్నారాండీ" అంటూ తిరిగేదాన్ని. మాది రఘునాథపల్లి దగ్గర వ్యవసాయం చేసుకునే కుటుంబం. నర్సింగు చదువు కోస్తా పట్నంలో సాగింది. మొదటి రోజు "గిట్ల" అన్నందుకు క్లాసంతా పగలబడి నవ్వింది. నాలుగేళ్లలో ఆ మాటను నాలుక మీది నుంచి గీకి పారేశాను. ఉద్యోగానికి తిరిగొచ్చాక కూడా అది వెనక్కి రాలేదు.

పాత పద్ధతి ఎలా ఉండేదంటే, డ్యూటీ మారే వేళ నర్సులమంతా బల్ల చుట్టూ చేరేవాళ్లం. దిగిపోయేవాళ్లు రిజిస్టరు చూసి గబగబా చదివేవాళ్లు. ఒకటో నంబరు అలాగే ఉంది, రెండో నంబరు అలాగే ఉంది, మూడో నంబరు బాగుంది. అయిదు నిమిషాల్లో ముప్పై మంది అయిపోయేవాళ్లు. ఒకరోజు పొద్దున ఎనిమిదింటికి నేను అలాగే మొదలుపెట్టబోతుంటే, అప్పుడే వచ్చిన పెద్దక్క నా చేతిలోంచి రిజిస్టరు తీసుకుని వార్డులోకి నడిచింది. రిజిస్టరు ఆమె దగ్గర ఉంది కాబట్టి మేమూ వెంట పోయాం.

మూడో మంచం మీద ఒక అవ్వ. పెద్దక్క స్టూలు గుంజుకుని కూర్చుంది. "ఊఁ, ఇప్పుడు చెప్పు," అంది నాతో.

"మూడో నంబరు. నిద్ర బాగా పట్టింది. సెలైన్ అయిపోయింది," అని చదివాను.

పెద్దక్క అవ్వ వైపు తిరిగింది. "గీ పిల్ల చెప్పింది నిజమేనా అవ్వా?"

అవ్వ నన్నూ ఆమెనూ మార్చి మార్చి చూసింది. అంతవరకూ ఆమెను ఎవరూ అలా అడిగినట్టు లేదు. "నిజమేడిది బిడ్డా! నేనేడ పన్న? సూది కాడ మంట మంట. రెండుసార్లు పిలిస్తి. గీమె కుర్చీల కూసోని కన్నంటిచ్చింది."

దుప్పటి తీస్తే సూది పెట్టిన చెయ్యి మోచేతి దాకా ఉబ్బి ఉంది. సెలైన్ నరంలోకి పోకుండా కండలోకి పోయింది. నాకు తల కొట్టేసినట్టయింది. అందరి ముందూ తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. సూది తీయించింది. చెయ్యి ఎత్తుగా పెట్టించింది. తరువాత, "మల్ల మొదటికెళ్లి చెప్పు. అవ్వకు సమజయ్యేటట్లు," అంది.

నేను వంగి, "మీకు చేతి దగ్గర వాపుగా ఉందండీ, మంటగా కూడా..." అన్నాను.

"ఆ అండీ గిండీ నాకు సమజ్ గాదు. నువ్వే ఊరి బిడ్డవే?" అంది అవ్వ.

ఊరి పేరు చెప్పాను. "మరి మనోళ్ల పిల్లవే. గట్లెందుకు మాట్లాడుతున్నవ్, జరమొచ్చినట్లు?" వార్డంతా నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపులోంచే, "చెయ్యి ఉబ్బింది అవ్వా. రాత్రి నేను చూడలే. తప్పు నాదే," అన్నాను. నా నోటి నుంచి ఆ మాట అలా రావడం నాకే కొత్తగా ఉంది. అవ్వ మంచి చేత్తో నా గదవ పట్టుకుని, "పోనీ తియ్యి. నిద్ర ఎవలకు రాదు?" అంది.

ఆ రోజు నుంచి అప్పగింత మంచం కాడే. మొదట్లో నర్సులందరికీ కోపమే. రోగులు నెత్తికెక్కుతారన్నారు. గంట పట్టేది, బస్సులు పోయేవి. పెద్దక్క ఎవరితోనూ వాదించలేదు. ఎందుకు మొదలుపెట్టావక్కా అని నేను అడిగితే ప్రతిసారీ ఒక కొత్త కారణం చెప్పేది. ఒకసారి, "నాకు కండ్లజోడొచ్చిందే. రిజిస్టర్ల అక్షరాలు కనవడ్తలేవు. మనుషులైతే కనవడ్తరు," అంది.

మాలో ఒక సిస్టర్‌ది ఆంధ్రా వైపు గోదావరి పక్క. అందుకే గోదావరి సిస్టర్ అనేవాళ్లం. నెమ్మదస్తురాలు. ఉద్యమం పెరిగేకొద్దీ ఆమెకు లోపల భయం. ఒకరోజు గేటు బయట నినాదాలు జోరుగా వినిపిస్తుంటే, "నన్ను వెళ్లిపొమ్మంటారా అక్కా?" అని అడిగింది.

"నిన్నెవడు పొమ్మంటడు? నా వార్డులకెళ్లి పోవాలంటే నా సంతకం గావాలె," అంది పెద్దక్క. "భయపడుడు బంద్ చెయ్యి. ముందుగాల ఈళ్ల మాట నేర్చుకో."

గోదావరి సిస్టర్ చిన్న నోటుబుక్కు పెట్టింది. సలుపుతాంది అంటే ఒక రకం నొప్పి, గుంజుతాంది అంటే ఇంకొకటి, జివ్వుమంటాంది అంటే మరొకటి. మేమంతా రిజిస్టరులో ఒకే ముక్కలో నొప్పి అని రాసి పారేసే చోట ఆమె రోగి నోటి మాట రాయడం మొదలుపెట్టింది. నెల తిరిగేసరికి, ఆ భాషలోనే పుట్టిన నాకంటే ఆమెకే ఎక్కువ తెలుసు. సిగ్గుపడి నేనూ ఒక బుక్కు కొన్నాను.

తరువాత సమ్మె వచ్చింది. ఉద్యోగుల నాయకుడు వార్డు గుమ్మం దాకా వచ్చి, "అక్కా, మీరు గూడ డ్యూటీ బంద్ పెట్టి టెంటుల కూసోవాలె," అన్నాడు. పెద్దక్క అతని వెంట శిబిరానికే పోయింది. మేమూ పోయాం. మైకు చేతికిస్తే దాన్ని పక్కన పెట్టింది, ఆమెకు మైకెందుకు?

"తెలంగాణ నాక్కూడ గావాలె. రోజుకొక గంట నా పిల్లలు వంతులేసుకోని వచ్చి ఈడ కూసుంటరు. మిగిలిన పొద్దంత మంచాల కాడ ఉంటరు. మన మాటకు ఇలువ లేదనే గద కొట్లాడుతున్నం? మరి మంచంల పన్న ముసలవ్వ మాట్లాడితే మనమే ఇనకపోతే ఎట్ల? చెప్పు నాయినా!"

శిబిరం చప్పట్లతో అదిరింది. వేదిక మీద కూర్చున్న మా సూపరింటెండెంటు అందరికంటే గట్టిగా కొట్టాడు. ఆయన ఆ చుట్టుపక్కల పేరున్న భూస్వాముల ఇంటి మనిషి, మంచి సర్జను. ఉద్యమమంటే ప్రాణం. వార్డులో మాత్రం మా అప్పగింతను చూసి, "రోగుల ముందర ఈ పంచాయితీలేంది?" అని విసుక్కునేవాడు.

ఆ సమ్మె రోజుల్లోనే, ఒక మధ్యాహ్నం రెండింటికి, మేం పదకొండో మంచం దగ్గరకు వచ్చాం. కురవి పక్క తండా నుంచి వచ్చిన అమ్మాయి. పందొమ్మిదేళ్లు ఉంటాయి. ముందురోజు ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. మగడు పని కోసం దూరదేశం పోయాడు. తోడుగా తల్లి ఉంది. దిగిపోయేది గోదావరి సిస్టర్, ఎక్కేది నేను.

"పొద్దున బీపీ బాగుంది. పాప పాలు తాగింది. తల్లి పడుకునే ఉంది," అంది గోదావరి సిస్టర్.

పెద్దక్క కూర్చుని, "నిజమేనా బిడ్డా?" అని అడిగింది.

ఆ అమ్మాయి తల్లి వైపు తిరిగి "యాడీ" అని పిలిచింది. వాళ్ల భాషలో అమ్మా అని. తరువాత ఇంకేదో చిన్నగా అంది. తల్లి తల దించుకుంది. గోదావరి సిస్టర్ గడియారం చూసుకుంది. సమ్మెలో ఆమె ఉండే ఊరి దారికి ఒక్కటే జీపు, అది గేటు బయట హారన్ కొడుతోంది. నాకూ ఇంకా పందొమ్మిది మంచాలున్నాయి. "పోదామా అక్కా?" అన్నాను.

"ఆగుండ్రి. ఆమె వంతు ఇంక గాలే," అంది పెద్దక్క. అంతే. ఇంకేం అడగలేదు. స్టూలు మీద అలాగే కూర్చుంది. జీపు హారన్ కొట్టి కొట్టి వెళ్లిపోయింది.

కాసేపటికి తల్లి నోరు తెరిచింది. "బట్ట తడుస్తాంది అంటాంది. పొద్దుగాల ఒకటి మార్చిన. మల్ల ఒకటి మార్చిన. ఇప్పుడు సలి అంటాంది. సిస్టర్ బాగున్నది అని చెప్తాంది గద, నేను కాదంటే కోపమొస్తది అని..."

పెద్దక్క దుప్పటి ఎత్తింది. కింద పరుపంతా నెత్తురు.

ఆ తరువాత ఏది ముందో ఏది వెనకో నాకు సరిగా గుర్తులేదు. నెత్తురు ఆపడానికి పెద్దక్క చెయ్యి ఆ అమ్మాయి పొత్తికడుపు మీద గట్టిగా దిగడం గుర్తుంది. గోదావరి సిస్టర్ ఇంజెక్షన్ తీస్తూ మంచం కాళ్ల వైపు ఎత్తించడం గుర్తుంది. నేను పరుగెత్తాను. గేటు దాటి, జనంలోంచి దూరి, వేదిక మీద పిడికిలెత్తి నినాదమిస్తున్న సూపరింటెండెంటు ముందు నిలబడి, "సార్, పదకొండు! నెత్తురు!" అని అరిచాను. ఆ మనిషి నినాదం మధ్యలో ఆపి దూకాడు. చెప్పులు వేదిక దగ్గరే ఉండిపోయాయి. వట్టి కాళ్లతో నాకంటే ముందు వార్డులో ఉన్నాడు.

కొంత ఆగింది గానీ మా దగ్గర ఎక్కించడానికి ఒక్క సీసా రక్తమే ఉంది. వరంగల్లు పెద్ద దవాఖానకు తీసుకుపోవాలన్నాడు. అంబులెన్సులో పెద్దక్కా నేనూ ఎక్కాం. ఆమె చెయ్యి ఆ అమ్మాయి కడుపు మీది నుంచి తీయలేదు. నేను ఒక చేత్తో సీసా, ఒక చేత్తో పసిబిడ్డ. ఆ అమ్మాయి తల్లి మా కాళ్ల దగ్గర.

నాలుగు ఊళ్లు దాటాక బండి ఆగిపోయింది. ఉద్యమం వాళ్లు దారి ఆపి రోడ్డు మీదే వంటావార్పు పెట్టారు. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా మూడేసి రాళ్ల పొయ్యిలు, వాటి మీద కుతకుత ఉడికే అన్నం గంజు గిన్నెలు, చుట్టూ వందల మంది. డ్రైవర్ హారన్ కొట్టినా పాటల్లో ఎవరికీ వినబడలేదు. పెద్దక్క, "నీ చెయ్యి ఈడ పెట్టు. గట్టిగ. తియ్యకు," అని పసిబిడ్డను అమ్మమ్మ ఒళ్లో వేసి, నా చెయ్యి తన చెయ్యి ఉన్న చోట పెట్టి, తలుపు తీసుకుని మెట్టు మీద నిలబడింది.

"బాలింత ఉన్నదవ్వా! నెత్తురు పోతాంది! తొవ్వియ్యుండ్రి!"

పాట ఆగిపోయింది. మొదట ఒక ఆడమనిషి, చేతిలో గంటె ఉన్నది, "జరుగుండ్రి! బాలింతట!" అని కేక పెట్టింది. ఆ కేక పొయ్యి నుంచి పొయ్యికి పాకింది. ఆడవాళ్లు కొంగులు చేతులకు చుట్టుకుని సలసల కాగే గంజులను ఇద్దరిద్దరు ఎత్తి పక్కకు జరిగారు. మగవాళ్లు మండే కట్టెలను కాళ్లతో తన్ని, రాళ్లను దొర్లించి దారి చేశారు. ఒకతను నిప్పు తొక్కి ఎగిరి గంతేశాడు, ఎగురుతూనే "పోనియ్యి! పోనియ్యి!" అని డ్రైవర్‌కు చెయ్యి ఊపాడు. రోడ్డుకు రెండు వైపులా పొగలు కక్కే అన్నం మోసుకుని జనం నిలబడి ఉంటే ఆ నడుమ నుంచి మా బండి పోయింది. వెనక నుంచి జై తెలంగాణ అన్న కేక లేచింది. ఆ అమ్మాయి కళ్లు తెరిచి ఏదో అడిగింది. పెద్దక్కకు వాళ్ల భాషలో ఏడెనిమిది మాటలే వచ్చు. అవన్నీ వాడేసింది.

బతికింది. పదిరోజుల తరువాత వరంగల్లు నుంచి ఒక నర్సు ఫోన్ చేసింది. "ఏం నేర్పి పంపిండ్రమ్మా మీరు? డ్యూటీ మారినప్పుడల్లా గా తండా పిల్ల మమ్ముల పిలుస్తాంది. నా సంగతి నా ముందర చెప్పుండ్రి అంటాంది." పెద్దక్క ఫోన్ పట్టుకుని ఎంత నవ్విందంటే లవంగం గొంతుకు అడ్డం పడింది.

ఇంత జరిగాక కూడా సూపరింటెండెంటు మా పద్ధతిని మెచ్చుకోలేదు. పైగా ఇంకో సంగతి జరిగింది. ఒక పెద్ద అధికారి తనిఖీకి వచ్చిన పొద్దున అప్పగింత వేళ అయింది. పెద్దక్క ఆపలేదు. ఆరో మంచం మనిషిని అలవాటుగా, "ఇంకేమన్న చెప్పేదున్నదా బాపూ?" అని అడిగింది. "బాత్రూంల మూడొద్దులాయె, నీళ్లు లేవు," అన్నాడతను. అధికారి సూపరింటెండెంటు వైపు చూశాడు. సూపరింటెండెంటు పెద్దక్క వైపు చూశాడు. సాయంత్రానికి నీళ్లు వచ్చాయి. వారానికి పెద్దక్కకు బదిలీ కాగితం వచ్చింది, అడవి అంచున భూపాలపల్లి పక్క ఒక చిన్న ఆరోగ్య కేంద్రానికి. దాంతో పాటే ఇకపై అప్పగింత బల్ల దగ్గరే జరగాలని ఇంకో కాగితం గోడకెక్కింది.

మేం ఏడుస్తుంటే ఆమె కాగితం చదువుకుని పొంగిపోయింది. "మా ఊరికి అరగంట తొవ్వ! ఏడేండ్ల సంది అడిగినా ఇయ్యలే. మంచోడు, కోపమొస్తే గని ఇయ్యలే," అంది.

"నువ్వు పోతే ఇదంత ఆగిపోతదక్కా," అన్నాను.

"ఆగిపోయేదైతే ఆగిపోనియ్యి. నా ఒక్కదానితోని నడిస్తే అది నా పిచ్చి గని పద్ధతెట్లయితది?" అంది. దండలు వద్దంది. మరునాడు పొద్దున్నే బస్సెక్కింది. అక్కడా అదే చేసిందనీ, కాటారం పక్క ఊళ్ల జనం పొలం పనులు మానుకుని మరీ ఆమె డ్యూటీ చూసుకుని వచ్చేవారనీ తరువాత విన్నాను.

ఆమె వెళ్లిన రోజు మధ్యాహ్నం రెండయింది. మేం బల్ల దగ్గర చేరాం. నెత్తి మీద గోడకు ఆ కాగితం. గోదావరి సిస్టర్ రిజిస్టరు తెరిచింది. "ఒకటో నంబరు..." అని ఆగిపోయింది. నా వైపు చూసింది. ఆ మనిషికి ఈ ఊళ్లో అండ పెద్దక్క ఒక్కతే. ఆ అండ పొద్దున్నే బస్సులో పోయింది. అయినా వేలు పేజీలో పెట్టి అలాగే చూస్తోంది. ఏం చేస్తున్నానో తెలిసేలోపే రిజిస్టరు అందుకుని నడిచాను. వెనక ఆమె చెప్పుల చప్పుడు, ఆ వెనక మిగతా వాళ్ల చప్పుడు.

ఒకటో మంచం మీద దమ్ముతో, అంటే ఆయాసంతో, వచ్చిన తాత, పత్తి రైతు. గోదావరి సిస్టర్ నోటుబుక్కు చూడకుండానే, "తాతకు పొద్దటి సంది రెండుసార్లు దమ్ము లేసింది. ఎదల గుంజుతాందట," అంది. అప్పుడే రౌండ్సుకు సూపరింటెండెంటు లోపలికొచ్చాడు.

"ఏంది ఇది? ఆర్డర్ చూడలేదా?"

నా నాలుక మీదికి అండీ వచ్చేసింది. మింగాను. "చూసినం సార్. జర రెండు నిమిషాలు," అన్నాను.

ఆయన ముఖం ఎర్రబడింది. ఏదో అనడానికి ఊపిరి తీసుకున్నాడు. అంతలో తాత, సూది పెట్టి పట్టీ వేసిన చెయ్యి పైకెత్తాడు.

"జర ఆగు సారూ. గీ పిల్లలు నా సంగతి చెప్తాండ్రు."

సూపరింటెండెంటు ఒకసారి గోడ వైపు, ఒకసారి తాత వైపు చూశాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ఆగాడు.

"సిస్టర్ చెప్పింది నిజమేనా తాతా? దమ్ము రెండుసార్లేనా?" అని అడిగాను.

"నాలుగుసార్లు," అన్నాడు తాత, డాక్టరు వైపు చూస్తూ, గట్టిగా.